విలీన సాక్షి

రాష్ట్ర రేవుల ఐసు సరఫరా సంస్థ చరిత్రలో వంకరలున్నాయన్న సంగతి జనరల్ మేనేజరు చామర్తి సర్వోత్తమరావు గారికి ఒక బుధవారం పొద్దున తెలిసింది. ఆ రోజు నుంచి ఆయనకి నిద్ర పట్టలేదు. మధ్యాహ్నం కునుకు కూడా సగానికి పడిపోయిందని ఆయన ప్యూను అందరికీ చెప్పాడు.

విశాఖ రేవులోంచి వేటకి వెళ్ళే పడవలకి ఐసు ఇవ్వడం ఆ సంస్థ పని. ఏ పడవకి ఎన్ని దిమ్మలు ఇవ్వాలో 'శీతల' అనే సాఫ్ట్‌వేరు చెబుతుంది. దాన్ని రాసి, దిద్ది, పోషించే ప్రోగ్రామర్లు సంస్థ రెండో అంతస్తులో, ఎండుచేపల వాసన నేరుగా వచ్చే కిటికీల పక్కన కూర్చుంటారు. ఎవరికి వారు సొంత బ్రాంచిలో, అంటే అసలుదాని నకలులో, మార్పులు రాసుకుంటారు. అది కుదిరిందనుకున్నాక తెచ్చి అసలుదాంట్లో కలుపుతారు. ఆ కలపడాన్ని మెర్జ్ చెయ్యడం అంటారు. పన్నెండేళ్ళుగా ఆ కలిపే పని ముద్దాడ తవిటినాయుడు ఒక్కడిదే. అతనికంత నైపుణ్యం ఉందని కాదు. మొదట్లో అనుమతి కోసం అర్జీ పెట్టమన్నప్పుడు, మిగతావాళ్ళంతా టీకి వెళ్ళి ఉండగా అతనొక్కడే సీట్లో దొరికాడు.

పాత వ్యవస్థకి ఒక పాడు అలవాటుండేది. బ్రాంచి ఎవరిదైనా సరే, కలిపినవాడి పేరే సాఫ్ట్‌వేరులోని ప్రతి వరస మీదా రాసుకునేది. ఫలానావాడి బ్రాంచి నుంచి వచ్చిందన్న ముక్క ఎక్కడో పక్కన చిన్న గుర్తుగా పెట్టుకునేది. వడ్డించినవాడి పేరు విస్తరి మీద రాసి, వండినవాడి పేరు గరిటె వెనక రాసినట్టన్నమాట. సెక్షన్లో అందరికీ ఇది తెలుసు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. పేరు ఎవరిదైతేనేం, పడవలకి ఐసు అందేది.

అలా ఉండగా, పాత వ్యవస్థని వదిలి కొత్తదానికి మారాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మార్చి పెట్టడానికి హైదరాబాదు నుంచి తన్మయ్ అనే కన్సల్టెంటు వచ్చాడు. అతను జనరల్ మేనేజరు గారి గదిలో గోడ మీద రెండు బొమ్మలు వేసి చూపించాడు. మొదటి బొమ్మలో, శీతలలో ఇన్నేళ్ళూ జరిగిన మార్పులకి వేసిన గీతలు విడిపోతూ, కలుస్తూ, మళ్ళీ విడిపోతూ చిక్కుపడిన వలలా ఉన్నాయి. రెండోదాంట్లో ఒకటే గీత, కిందనుంచి పైకి.

"ఇది మీ చరిత్ర సార్. ఇది మీకు కావలసిన చరిత్ర," అన్నాడు తన్మయ్.

సర్వోత్తమరావు గారు రెండో బొమ్మ వంక చూస్తూ ఉండిపోయారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో తను పంపిన ఏ ఫైలూ అంత తిన్నగా పైకి వెళ్ళడం ఆయన చూడలేదు.

"సార్, ఆ చిక్కుల్లోనే ఉందండి ఎవరేం చేశారన్నది. మెర్జుల గుర్తులు కూడా పట్టుకెళ్తే మంచిది," అన్నాడు తవిటినాయుడు తలుపు దగ్గర నిలబడి.

"నాయుడూ, చరిత్ర అనగా ముందుకు నడిచేది. పక్కలకు నడిచేదానిని చరిత్ర అనరు, షికారు అంటారు," అన్నారు సర్వోత్తమరావు గారు. "మన సంస్థ చరిత్ర ఇకమీదట సరళరేఖ. ఇది విధాన నిర్ణయము."

మంచిరోజు చూసి సర్వరు ముందు కొబ్బరికాయ కొట్టారు. తన్మయ్ ఒక మీట నొక్కాడు. మధ్యాహ్న భోజనాల వేళకి పన్నెండేళ్ళ చరిత్ర కొత్త ఇంట్లో దిగిపోయింది. సాయంత్రానికి అతను రంగుల అట్టవేసిన నివేదిక ఒకటి ఇచ్చి, బిల్లు పట్టుకుని హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆ నివేదిక మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో ఉంది: శీతల రచయితల సంఖ్య, ఒకటి. పేరు, ముద్దాడ తవిటినాయుడు.

ఆ వారంలోనే సన్మానం పెట్టారు. రెండు లక్షల వరసల సాఫ్ట్‌వేరుని ఒంటిచేత్తో రాసిన మహామనీషి అని బ్యానరు కట్టి శాలువా కప్పారు. తవిటినాయుడు మైకు ముందు నిలబడి, "ఇది నేనొక్కణ్ణే రాసింది కాదండి. నేను కలిపాను, అంతే. రాసినవాళ్ళు ఇదిగో ముందు వరసలో కూర్చున్నారు," అన్నాడు. ఇంతటి వినయం ఎక్కడా చూడలేదని సభలో చప్పట్లు మారుమోగాయి. ముందు వరసలో కూర్చున్న ప్రోగ్రామర్లు మాత్రం కొట్టలేదు.

ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ సూపరింటెండెంటు కామేశ్వరి గారు కూడా కొట్టలేదు. ఆవిడ అప్పటికే నివేదిక చదువుతున్నారు. ఆవిడ బల్ల మీదకి వెళ్ళిన ఏ ఫైలైనా కొర్రీ పడకుండా తిరిగి రాదు. ఒక్కసారి వచ్చింది, ఆ రోజు ఆవిడ సెలవు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే ఆఫీసులో, దూడకి జనన ధ్రువపత్రం అడిగే మనిషి ఆవిడ. రాసినవాడు ఒక్కడే అయితే, మిగతా పదిమందీ పన్నెండేళ్ళుగా ఏం చేస్తున్నట్టు? ఆ ప్రశ్న ఆవిడకి రావడం, పదిమందికీ మెమోలు వెళ్ళడం రెండు రోజుల్లో అయిపోయాయి.

బతికున్నవాళ్ళు మెమోలకి జవాబు రాసుకున్నారు. వాళ్ళకి అది అలవాటే. చిక్కంతా చనిపోయినవాడి దగ్గర వచ్చింది.

మైలపల్లి గురుమూర్తి అదే సెక్షన్లో ప్రోగ్రామరు. రెండేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. అతని భార్య నూకరత్నం కారుణ్య నియామకం కోసం పెట్టుకున్న అర్జీ అప్పటి నుంచీ గదులన్నీ తిరుగుతోంది. భర్త ఉద్యోగంలో ఉండగా పోతే ఇంట్లో ఒకరికి చిన్న ఉద్యోగం ఇస్తారు, అదీ సంగతి. ఇద్దరాడపిల్లలు. ఆవిడ జాలారిపేటలో జాకెట్లు కుడుతూ నెట్టుకొస్తోంది. ఆ ఫైలు ఈసారి ఒక కొత్త కొర్రీతో వెనక్కి వచ్చింది. నూకరత్నం ఆ కాగితం పట్టుకుని సరాసరి తవిటినాయుడి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

అతను చదివాడు. "మరణించిన ఉద్యోగి తన సర్వీసు కాలములో ఒక్క వరుసయును వ్రాసి ఉండలేదని సిస్టము చరిత్ర వలన తెలియవచ్చుచున్నది. పని చేయని ఉద్యోగి మరణము వలన సంస్థకు కలిగిన లోటు ఏమిటో అర్జీదారు వివరించవలెను."

"ఇదేటి అన్నయ్యగారూ?" అంది నూకరత్నం. "పొద్దున్నే డబ్బా అట్టుకుని వెళ్ళీవోడు, రేత్రి ఎనిమిదికి వొచ్చీవోడు. పని సెయ్యకపోతే ఇన్నేళ్ళూ ఎక్కడికెళ్ళినట్టు? మా అత్తయితే ఈ కాయితం ఇన్నాక, ఇంకెవర్తినైనా ఉంచుకున్నాడేటో కనుక్కోయే అంటంది."

తవిటినాయుడికి తల కొట్టేసినట్టయింది. గురుమూర్తి రాసిన ప్రతి వరసా అతనికి తెలుసు. అవన్నీ తన చేత్తోనే కలిపాడు. ఇప్పుడు పోయిన మనిషి కష్టం మీద తన పేరు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దానికి పైగా శాలువా కూడాను.

"నువ్వు కూర్చోమ్మా. ఇది ఒక్క పూట పని. పాతదాంట్లో గుర్తులన్నీ ఉన్నాయి. ఏ మెర్జు ఎవరి బ్రాంచి నుంచో కొత్తదానికి చెబితే అదే సర్దుకుంటుంది. ఆయన పేరు ఆయనకి వస్తుంది, నీ ఫైలు కదులుతుంది," అన్నాడు.

అని, లేచి జనరల్ మేనేజరు గారి గదికి వెళ్ళాడు. ఆ వెళ్ళడమే పొరపాటు. చేసేసి ఊరుకుని ఉంటే గోటితో పోయేది.

"ఒక్క పూట సార్," అన్నాడు.

"అనగా, చరిత్రను సవరిస్తానంటావు."

"సవరించడం కాదండి. ఉన్నది ఉన్నట్టు చూపించడం."

"ఉన్నది ఉన్నట్టు చూపించడానికి నీకు అధికారము ఎవరిచ్చారు?" అన్నారు సర్వోత్తమరావు గారు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని. "నాయుడూ, నువ్వు మెర్జు అంటున్నావు. నేను విలీనము అంటాను. ఇద్దరు ఉద్యోగుల పనిని ఒకటిగా కలిపివేయడమనేది చిన్న విషయము కాదు. ఒక కుర్చీ ఈ గదిలోనుంచి ఆ గదికి మారితే రెండు సంతకాలు తీసుకుంటాము. ఇన్ని విలీనాలకు ఒక్క సంతకమూ లేదు. నువ్వు వచ్చి చెప్పావు కాబట్టి తెలిసింది, చాలా సంతోషము. ఇది ఉన్నత స్థాయిలో యథార్థీకరించవలసిన విషయము."

అలా పుట్టింది విలీన చరిత్ర యథార్థీకరణ సంఘం. సర్వోత్తమరావు గారే అధ్యక్షులు, కామేశ్వరి గారు కార్యదర్శి. మొదటి సమావేశంలోనే నిబంధనలు తయారయ్యాయి. పన్నెండేళ్ళలో జరిగిన ప్రతి మెర్జునీ, మొట్టమొదటిదానితో మొదలుపెట్టి వరస తప్పకుండా, సంఘం ఎదుట మళ్ళీ చెయ్యాలి. బ్రాంచి రాసినవాడూ కలిపినవాడూ ఎదురెదురుగా కూర్చుని సంతకం పెట్టాలి. రాసినవాడు రిటైరై ఉంటే దారి ఖర్చులిచ్చి పిలిపించాలి. మరణించి ఉంటే చట్టబద్ధ వారసులు హాజరు కావాలి. అన్నీ తెమిలితే తప్ప సిస్టములో ఎవరి పేరూ మారదు. మెర్జులు మొత్తం నాలుగు వేల చిల్లర. సంఘం మంగళ, శుక్రవారాల్లో కూర్చుంటుంది. బజ్జీలు వేళకి వస్తే పూటకి ఒక మెర్జు అవుతుంది. ఈ లెక్కన ఎప్పటికి తెములుతుందో తవిటినాయుడు వేళ్ళ మీద వెయ్యబోయి, తన రిటైర్‌మెంటు దాటిపోగానే ఆపేశాడు.

నూకరత్నానికి ఆ లెక్క చెప్పలేదు. "కొంచెం ఆలస్యమవుతుందమ్మా," అన్నాడు. ఆవిడ రెండేళ్ళుగా అందరి దగ్గరా విన్నమాటే కాబట్టి తలూపి వెళ్ళిపోయింది.

మొదటి సమావేశాలకి రాజమండ్రి నుంచి అనంతపద్మనాభం గారు వచ్చారు. ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. కండువా, చేతిసంచి, సంచిలో బీపీ మాత్రలు. పది రోజులు దాటి వేటకి వెళ్ళే పెద్ద పడవకి ఎన్ని ఐసు దిమ్మలివ్వాలన్న వరస ఆయన రాశారు. ఆయన పన్నెండు అని రాస్తే, అదే వారం లలితకుమారి అనే ప్రోగ్రామరు తన బ్రాంచిలో పద్నాలుగు అని రాసింది. ఒకే వరస మీద రెండు మాటలు పడ్డాయి. అలాంటప్పుడు కలిపేవాడు ఏదో ఒకటి తేల్చాలి. ఆనాడు తవిటినాయుడు రేవు గుమాస్తాకి ఫోను చేసి, "ఎన్ని పడతాయోయ్?" అని అడిగి, పద్నాలుగు ఉంచాడు. అయిదు నిమిషాల్లో అయిపోయింది.

సంఘం ముందు అది అయిదు వారాలు పట్టింది.

"ఆనాడు నన్ను అడక్కుండా నా పన్నెండుని తీసిపారేశారండి," అన్నారు అనంతపద్మనాభం గారు. "ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

లలితకుమారి పద్నాలుగు నుంచి దిగనంది. వైద్య కారణాల మీద ఒక వాయిదా, రేవు పోర్టు పరిధిలోదా సంస్థ పరిధిలోదా అన్నదాని మీద ఇంకో వాయిదా పడ్డాయి. చివరికి సర్వోత్తమరావు గారు కళ్ళు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పారు.

"ఉభయ పక్షాల గౌరవమర్యాదలను దృష్టిలో ఉంచుకుని, పదమూడు."

"సార్, అప్పుడు జరిగింది పద్నాలుగండి," అన్నాడు తవిటినాయుడు.

"అప్పుడు కమిటీ లేదు కదా."

"ఇప్పటికీ పడవకి పద్నాలుగే ఇస్తున్నారండి రేవులో."

"ఇవ్వనీవయ్యా. అది ఐసు. ఇది చరిత్ర."

అనంతపద్మనాభం గారు కళ్ళు తుడుచుకుని, సంతకం పెట్టి, దారి ఖర్చులు తీసుకుని తృప్తిగా రాజమండ్రి రైలెక్కారు. సంస్థలో ఒక మనిషి సంతోషంగా బయటికి వెళ్ళడం ప్యూనుతో సహా అందరికీ వింతగా తోచింది.

ఆ తరువాతి మెర్జు గురుమూర్తిది. నూకరత్నాన్ని రమ్మని కబురు వెళ్ళింది. ఆవిడ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, వారసత్వ ధ్రువపత్రం చేత్తో పట్టుకుని, పది గంటలకల్లా వచ్చింది. కంప్యూటరు హాలు గుమ్మంలో కాపలావాడు ఆపేశాడు. ఉద్యోగులు కానివారికి లోపల ప్రవేశం లేదు. ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుంది. లోపల సంఘం కూర్చుని ఉంది. మధ్యలో తవిటినాయుడు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కామేశ్వరి గారు కొర్రీ వేశారు. "ఉద్యోగి కానివారు కార్యాలయ చరిత్ర మీద సంతకము చేయరాదు. అర్జీదారు ఉద్యోగి కాదు."

"సంతకం పెడితేనే కదండీ ఆవిడ ఉద్యోగం ఫైలు కదిలేది," అన్నాడు తవిటినాయుడు.

"కదులుతుంది. సంతకం పెట్టాక."

"పెట్టాలంటే ముందు ఉద్యోగి కావాలంటున్నారు."

"అవును," అన్నారు కామేశ్వరి గారు. ఇందులో అర్థం కానిది ఏముందో ఆవిడకి అర్థం కాలేదు.

చాదస్తానికి మందు లేదనుకుని తవిటినాయుడు కుర్చీలో కూలబడ్డాడు. కానీ సర్వోత్తమరావు గారి ముఖం వెలిగింది. ముడి ఎంత గట్టిగా పడితే ఆయనకి అంత హుషారు. గురుమూర్తి కాకుండా మరణించినవారు ఇంకెందరుంటారో, ఇకమీదట ఎందరవుతారో, ప్రతిసారీ ఈ ఇబ్బంది ఎందుకని ఆయన ఒక శాశ్వత పరిష్కారం కనిపెట్టారు. అన్ని విలీనాలకీ సంఘం తరఫున ఒక సాక్షి ఉండాలి. ఆ సాక్షి ఉద్యోగి అయి ఉండాలి, మృతుల బాధ తెలిసినదై ఉండాలి. పోస్టు పేరు విలీన సాక్షి, తాత్కాలికం. చివరి విలీనం నమోదయ్యే సాయంత్రం వరకు అమల్లో ఉంటుంది. కొత్త పోస్టుల మీద నిషేధం ఉంది కాబట్టి జీతం ఐసు కరుగుదల పద్దు కింద రాయమన్నారు. ఆ పద్దు కింద ఎంత రాసినా అడిగేవాడు లేడు, ఐసు కరుగుతుందని అందరికీ తెలుసు.

అలా నూకరత్నానికి ఒక కుర్చీ, మెళ్ళో వేసుకునే గుర్తింపు కార్డు వచ్చాయి. కాపలావాడు మధ్యాహ్నం ఆవిడకి సలాము కొట్టాడు.

ఆ రోజే తెర మీద గురుమూర్తి బ్రాంచి తెరిచారు. వరసల్ని చూసి ఆవిడకేమీ బోధపడలేదు. "ఏటిది అన్నయ్యగారూ?" అని మెల్లగా అడిగింది.

"ఇదివరకు ఐసు దిమ్మల లెక్కనే ఇచ్చేవారమ్మా. తెప్ప మీద వెళ్ళేవాళ్ళకి దిమ్మ ఎక్కువైపోయేది, పెట్టుకునే చోటుండేది కాదు, అందుకని అసలు ఇచ్చేవారే కాదు. తెప్పలకి గంప లెక్కన పొడి ఐసు ఇవ్వొచ్చని ఇది రాసింది గురుమూర్తే. నాతో పోట్లాడి మరీ రాశాడు."

నూకరత్నం తెర దగ్గరికి వంగింది. "మా తమ్ముడు రోజూ గంపతోనే తెచ్చుకుంటాడు ఐసు. రోజూ మా గుమ్మం ముందునుంచే అట్టుకెళ్తాడు," అంది. "ఇది ఈయన రాసిందని ఇంట్లో ఒక్క మాటైనా సెప్పలేదు సూడండి." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"భావోద్వేగములు మినిట్సులో నమోదు చేయబడవు," అని సర్వోత్తమరావు గారు గుర్తుచేశారు. అయినా ఆయన ఆవిడకి తన బజ్జీల ప్లేటు జరిపారు. మనిషి చెడ్డవాడు కాడు, జనరల్ మేనేజరు, అంతే.

అక్కడి నుంచి సంఘం మూడు పూవులు ఆరు కాయలుగా వర్ధిల్లింది. సంఘానికో కారు వచ్చింది. మిగతా రేవుల నుంచి, పక్క జిల్లాల గిడ్డంగుల నుంచి అధికారులు వచ్చి ఒక మెర్జు జరగడం చూసి, రాసుకుని వెళ్ళేవారు. సర్వోత్తమరావు గారు 'విలీనము, విశ్వాసము, విలువలు' అని ఒక సదస్సులో ప్రసంగించి వచ్చారు. ఆయనకెంతో ఇష్టమైన సరళరేఖ సంగతి ఏమైందని ఎవరూ అడగలేదు, ఆయనకీ గుర్తు రాలేదు. ఎనిమిది నెలల్లో అరవై చిల్లర మెర్జులు నమోదయ్యాయి. అన్నిటి కిందా సాక్షి గడిలో నూకరత్నం సంతకం ఉంది. పిల్లలిద్దరికీ స్కూలు బూట్లు కొనిచ్చానని ఒకరోజు తవిటినాయుడితో చెప్పింది.

కానీ తవిటినాయుడికి లోపల దొలుస్తూనే ఉంది. అరవై మెర్జులూ కాగితం మీద జరిగాయి గానీ, కొత్త వ్యవస్థలో రెండు లక్షల వరసల మీదా ఇంకా అతని పేరే ఉంది. ఒక ఆదివారం ఆఫీసుకి వచ్చి కూర్చున్నాడు. పాత వ్యవస్థలోని పక్క గుర్తులన్నీ తీసి, ఏ మెర్జు ఎవరి బ్రాంచి నుంచో కొత్తదానికి అర్థమయ్యేట్టు వరసగా చూపించి, చరిత్రనంతా మొదటినుంచీ మళ్ళీ తన మిషన్లో దింపాడు. ఒక పూట అన్నాడు కదా, పూట కూడా పట్టలేదు. ఇడ్లీ తిని వచ్చినవాడు అన్నం వేళకి ఇంటికి వెళ్ళిపోయాడు.

సోమవారం భోజనాల గంటలో నూకరత్నాన్ని పిలిచి తెర చూపించాడు. వరసల పక్కన పేర్లు. అనంతపద్మనాభం, లలితకుమారి, తరువాత మైలపల్లి గురుమూర్తి, మైలపల్లి గురుమూర్తి, మైలపల్లి గురుమూర్తి, కిందికి జరిపేకొద్దీ అదే పేరు. తవిటినాయుడి పేరు కలిపిన చోట్ల మాత్రం ఉంది, బుద్ధిగా.

నూకరత్నం కుర్చీ లాక్కుని కూర్చుని చూసింది. "ఇన్ని రాసేడా?" అంది.

"ఇంకా ఉన్నాయమ్మా కింద. రేపు సార్‌కి చూపించేస్తాను. మెర్జులన్నీ అయిపోయినట్టే. ఇంక కమిటీ అక్కర్లేదు," అన్నాడు తవిటినాయుడు. ఏడాది బట్టి అతని మొహంలో అంత సంతోషం ఎవరూ చూడలేదు.

"మరి నా కుర్చీ?" అంది నూకరత్నం.

అతను ఆ సంగతి ఆలోచించలేదు. మెర్జులు తెమలడమే ఆవిడకి మేలనుకుంటూ మొదలుపెట్టిన పని అది. మధ్యలో సంగతి తిరగబడిందని ఇప్పుడు తట్టింది. అన్నం సగంలో వదిలేసి కామేశ్వరి గారి దగ్గరికి వెళ్ళి, మాటవరసకి అన్నట్టు అడిగాడు. విలీనాలన్నీ పూర్తయితే నూకరత్నం ఫైలు ఏమవుతుందండీ అని.

"పరిశీలనకు అర్హత పొందుతుంది," అన్నారు కామేశ్వరి గారు.

"పొందితే ఉద్యోగం వచ్చేసినట్టేనా అండీ?"

"పరిశీలిస్తారు. నిషేధం ఎత్తేశాక. ముందున్నవాళ్ళవి అయ్యాక. ఎందుకు రాదు, వస్తుంది, వాళ్ళ పెద్దమ్మాయి మనవల్ని ఎత్తేలోపు. సాక్షి పోస్టు మాత్రం ఆ సాయంత్రమే రద్దు."

తిరిగి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. "తప్పు నాదేనమ్మా. పేరు నిలబెడితే నీ నోటి ముందు కూడు పోతుంది. నీ కూడు చూస్తే, వాడి పేరు మీద నేను కూర్చుని ఉండాలి. నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను," అన్నాడు. నిజంగానే అతనికి ఏడుపొచ్చేట్టుంది.

నూకరత్నం తెర వంక ఇంకోసారి చూసింది.

"అన్నయ్యగారూ, ఈ మిసనులో ఏటున్నదో ఈ బిల్డింగులో ఎవులైనా తెరిసి సూస్తారా?"

"నేను చూస్తాను."

"మీరు గాక."

తవిటినాయుడు ఆలోచించాడు. జనరల్ మేనేజరు గారు రంగుల అట్టవేసిన నివేదిక చూశారు, తెర చూడలేదు. కామేశ్వరి గారు దాని మొదటి పేజీ చూశారు. సంఘం బజ్జీలు, సంతకాలు చూస్తుంది. తన్మయ్ బిల్లు పాసయ్యాక ఫోను కూడా ఎత్తడం లేదు.

"ఎవరూ చూడరు," అన్నాడు.

"అయితే ఎక్కించీండి. ఎక్కించినట్టు మాత్రం సెప్పకండి," అంది నూకరత్నం. డబ్బా తీసుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

తవిటినాయుడు ఆ మధ్యాహ్నమే కొత్త వ్యవస్థలోకి ఎక్కించేశాడు. కిటికీలోంచి చూస్తే రేవులో పడవలకి ఐసు ఎక్కుతూనే ఉంది. పెద్ద పడవకి పద్నాలుగు, తెప్పలకి గంప.

అంతా సర్దుకుందనుకున్నాడు. కానీ శుక్రవారం సమావేశంలో సర్వోత్తమరావు గారు సదస్సులో పొందిన పొగడ్తల వేడి మీద ఒక పిడుగు వేశారు. ఈ మహాయజ్ఞాన్ని తన పదవీకాలంలోనే పూర్తిచేసి, పూర్ణాహుతికి మంత్రిగారిని పిలవాలని ఆయన సంకల్పం. అందుకని ఇకనుంచి విలీనాల్ని కట్టలు కట్టి, పూటకి రెండేసి వందల చొప్పున నమోదు చేసెయ్యాలి. ఎవరికైనా అభ్యంతరమా?

ఎవరికీ లేదు. కామేశ్వరి గారు కూడా మాట్లాడలేదు, ఆవిడ కూడా సదస్సుకి వెళ్ళి వచ్చారు. నూకరత్నం తల వంచుకుని కలం మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. పది వారాల్లో అయిపోతుంది. మళ్ళీ జాకెట్లు.

తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ అనని మాట అన్నాడు.

"సార్, ఒక కొర్రీ."

 తడబడుతూ మొదలుపెట్టాడు, పోనుపోను గొంతు సర్దుకుంది. "ఇప్పుడు మనం చేస్తున్న ప్రతి నమోదూ చరిత్రలో ఒక మార్పే కదండి. పాత విలీనాన్ని తెచ్చి మన రిజిస్టరులో కలుపుతున్నాం. అంటే నమోదు కూడా ఒక విలీనమే. ఇప్పటికి అరవై చిల్లర చేశాం. వాటిని ఎవరి ఎదుట చేశాం, ఏ అధికారంతో చేశాం, సాక్షి సంతకం పెట్టినట్టు సాక్షి ఎవరు? వాటిని నమోదు చెయ్యకుండా కట్టలు కట్టేస్తే, రేపు మన తరవాత వచ్చే కమిటీ మనల్ని అడగదా అండీ?"

కామేశ్వరి గారు అతని వంక తలెత్తి చూశారు. ఆ చూపులో అసూయ స్పష్టంగా ఉంది.

సర్వోత్తమరావు గారు కుర్చీలోంచి లేచి వచ్చి, తవిటినాయుడి భుజం మీద చెయ్యి వేశారు. 

"ఇన్నేళ్ళూ మెర్జులు చేశావు నాయుడూ. పరిపాలన ఇవాళ నేర్చుకున్నావు," అన్నారు. "కట్టల ప్రతిపాదన ఉపసంహరించడమైనది. ముందుగా నమోదుల నమోదు. దానికి వేరే ఉపసంఘము, శాశ్వత ప్రాతిపదిక మీద. సాక్షి యథాతథము, రెంటికీ."

ఆ తీర్మానం అప్పటికప్పుడు రాసి సంతకాలకి తిప్పారు. కాగితం తిరిగి తిరిగి నూకరత్నం దగ్గరికి వచ్చింది. ఆవిడ సాక్షి గడిలో దీర్ఘాలూ సున్నాలూ సరిచూసుకుంటూ పేరు రాసి, తలెత్తి అధ్యక్షుల వారిని వినయంగా అడిగింది.

"సార్, నాను ఈ సంతకం పెట్టినట్టు ఇంకో సంతకం ఎక్కడ పెట్టాలండి?"